ఒంట్లు వచ్చాయి, లెక్క వచ్చిందా?

పిల్లల చదువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి అందిన ఉత్తరాల్లో చాలావరకు మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లల లెక్కల గురించినవే. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, వాటిలో వివరంగా రాసిన ఉత్తరాన్ని ఎంచుకుని జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయికి మూడున్నరేళ్లు. యాభై వరకు ఒంట్లు తడుముకోకుండా చెబుతాడు. ఇంటికి ఎవరొచ్చినా వాడి చేత చెప్పించి మురిసిపోతుంటాం. మొన్న ఆడుకుంటూ ఐదు గుండీలు ఇవ్వమని అడిగితే, డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. లెక్కపెట్టి ఇవ్వమన్నాను. గుండీలు అయిపోయినా వాడి ఒంట్లు మాత్రం ఆగలేదు. వాడికి లెక్క వచ్చినట్టా, రానట్టా?

జవాబు: సంఖ్యల పేర్లు వరుస తప్పకుండా చెప్పడం వచ్చింది, ఐదు అంటే ఎంతో ఇంకా రాలేదు. ఈ రెండూ వేర్వేరు విద్యలు. మొదటిది నోటికి సంబంధించినది, రెండోది చాలా నెమ్మదిగా, నెలల తరబడి కుదురుకునేది. మూడున్నరేళ్ల పిల్లవాడిలో ఈ తేడా కనిపించడం లోపం కాదు.

పెద్దవాళ్లకు ఒక్కటిగా అనిపించే లెక్కపెట్టడంలో ఎన్ని పనులు ఇమిడి ఉన్నాయో రోషెల్ గెల్మన్, సి. ఆర్. గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో విడమరిచి చెప్పారు. ఒక్కో వస్తువుకు ఒక్కో పేరే చెప్పాలి. పేర్ల వరుస ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఆఖరున పలికిన పేరే మొత్తం ఎన్నో చెబుతుంది. లెక్కపెట్టేవి ఏ రకం వస్తువులైనా ఫరవాలేదు. ఏ వైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. మీ అబ్బాయికి వీటిలో వరుస ఒక్కటే గట్టిపడింది. మొదటి సూత్రం దగ్గర కూడా ఈ వయసు పిల్లలు తడబడతారు. నోరు ఒక వేగంతో, వేలు మరో వేగంతో పోతాయి. 'ఎనిమిది' అంటూ అక్షరానికొక వస్తువును ముట్టుకునేవాళ్లూ ఉంటారు. అందుకే వస్తువును ముట్టుకుని వదిలేయకుండా, ఒక పక్క నుంచి మరో పక్కకు జరుపుతూ లెక్కపెట్టమనండి. జరిపినది జరిపినట్టు కనిపిస్తూ ఉంటే, దాన్ని మళ్లీ లెక్కపెట్టడం గానీ మరిచిపోవడం గానీ తగ్గుతుంది.

వీటన్నిటిలో కష్టమైనది మూడోది. ఐదు చెంచాలు బల్ల మీద పెట్టి లెక్కపెట్టమంటే పిల్లవాడు చక్కగా ఐదు దాకా చెబుతాడు. వెంటనే "మొత్తం ఎన్ని?" అని అడగండి. "ఐదు" అనకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. మీరు ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అదే తంతు. ఎందుకంటే 'ఎన్ని' అన్న మాట వాడికి ఒక ప్రశ్నలా కాక, లెక్కపెట్టడం మొదలుపెట్టమన్న ఆజ్ఞలా వినిపిస్తోంది.

కారెన్ విన్ అనే పరిశోధకురాలు 1990 దశకం మొదట్లో సరిగ్గా మీరు చేసినట్టే, పిల్లలను ఇన్ని వస్తువులు ఇవ్వమని అడిగి చూశారు. పిల్లలు మొదట ఒకటి అంటే ఏమిటో తెలుసుకుంటారని, అప్పుడు అంతకు మించి ఎన్ని అడిగినా గుప్పెడు తీసి ఇస్తారని, కొన్ని నెలలకు రెండు, మరికొన్ని నెలలకు మూడు తెలుస్తాయని ఆమె గమనించారు. మూడో, నాలుగో దాటాక ఒక మలుపు వస్తుంది. ఆఖరి పేరే మొత్తం అన్న సంగతి అప్పుడు తట్టి, ఆపై సంఖ్యలను ఒక్కొక్కటిగా నేర్చుకోవలసిన పని లేకుండా, తనకు వరుస తెలిసినంత మేరా లెక్కపెట్టి ఇవ్వగలుగుతారు. చాలామందికి ఇది మూడున్నర, నాలుగేళ్ల ప్రాంతంలో జరుగుతుంది. కొందరికి ఇంకా ఆలస్యం కావచ్చు.

కాబట్టి మీ అబ్బాయి ఏ మెట్టు మీద ఉన్నాడో ముందు చూడండి. ఒక గుండీ అడగండి, తర్వాత రెండు, తర్వాత మూడు. ఏ సంఖ్య దగ్గర గుప్పెడు మొదలవుతుందో, మీరు పని చేయవలసింది ఆ సంఖ్య మీదే. అది మూడు అనుకుందాం. మూడు గుండీలు చూపించి, "ఇవి మూడు. చూద్దామా? ఒకటి, రెండు, మూడు. మూడు గుండీలు" అనండి. ముందు మొత్తం పేరు చెప్పి, తర్వాత లెక్కపెట్టి, చివర మళ్లీ మొత్తం పేరు చెప్పడంలోనే కిటుకు ఉంది. ఆ మూడింటినీ ఒకసారి వరుసగా, ఒకసారి ముక్కోణంగా, ఒకసారి ఎడంగా పేర్చండి. గుండీలతో ఆపకుండా మూడు చెప్పులు, మూడు చప్పట్లు, మూడు గెంతులు వేయించండి. కంటికి కనిపించనిదాన్ని కూడా లెక్కపెట్టవచ్చని పిల్లలకు చప్పట్ల వల్లే తెలుస్తుంది. గుప్పెడు పోసినప్పుడు 'తప్పు' అనకండి. వాడు ఇచ్చినవి ఏడయితే, "ఇవి ఏడు ఉన్నాయి, నాకు మూడు కావాలి" అని చెప్పి కలిసి తీయండి. వచ్చినవాళ్ల ముందు యాభై వరకు చెప్పించడం మానుకోనక్కర్లేదు, వాడికి సరదాగా ఉన్నంతకాలం. దాన్ని వందకు పెంచడం కోసం మాత్రం శ్రమ పడకండి. ఆ శ్రమ మూడు మీద పెట్టండి.

ప్రశ్న: నా మనవరాలికి నాలుగున్నరేళ్లు. మా కాలంలో ఐదేళ్లు నిండేసరికి ఒంట్లతో పాటు రెండో ఎక్కం, మూడో ఎక్కం కంఠతా వచ్చేవి. ఇప్పుడు బడిలో గింజలు, పుల్లలు ఇచ్చి ఆడిస్తున్నారే తప్ప ఏమీ వల్లె వేయించడం లేదు. నేను ఇంట్లో ఎక్కాలు మొదలుపెడితే కోడలు వద్దంటోంది. జ్ఞాపకశక్తి బాగా ఉన్న వయసులో కంఠస్థం చేయిస్తే నష్టమేమిటి?

జవాబు: అయ్యా, కంఠస్థం చెడ్డదని మేమూ అనము. సంఖ్యల పేర్ల వరుసను ఏ పిల్లలైనా వల్లె వేసే నేర్చుకోవాలి. అందులో ఆలోచించి కనిపెట్టడానికి ఏమీ లేదు. ఏడెనిమిదేళ్లకు ఎక్కాలు నోటికి రావడం వల్ల పెద్ద లెక్కల్లో బుర్ర మీద భారం తగ్గుతుందన్నది కూడా నిజమే. మా అభ్యంతరం వయసు గురించి. మూడు రెళ్లు ఆరు అని చెప్పే పిల్లకు, రెండేసి చొప్పున మూడు జట్లు కళ్లముందు కదలకపోతే, అది అర్థం తెలియని పద్యంలాగే మిగిలిపోతుంది. పద్యమైతే పాడుకుంటుంది, ఎక్కం అప్పజెప్పలేకపోతే మాత్రం తనకు లెక్కలు రావనుకుంటుంది. నాలుగున్నరేళ్లకే ఆ అభిప్రాయం ఏర్పడితే తర్వాత దాన్ని తుడిచేయడం కష్టం.

మీకు ఓపిక, తీరిక ఉన్నాయి కనుక, ఎక్కాల కంటే ముందు రావలసిన ఒక విద్యను మీరే నేర్పవచ్చు. ఐదు పెన్సిళ్లు తీసుకోండి. మనవరాలి చేత లెక్కపెట్టించండి. వాటి మీద రుమాలు కప్పి, రెండింటిని బయటికి లాగి, రుమాలు కింద ఎన్ని మిగిలాయో అడగండి. మొదట్లో ఊహించి ఏదో చెబుతుంది. రుమాలు ఎత్తి చూపండి. మళ్లీ కప్పి ఈసారి ఒకటే లాగండి. తర్వాత నాలుగు. ఒకసారి ఏదీ లాగకుండా కూడా అడగండి. మరోసారి అన్నీ లాగేసి, ఖాళీ రుమాలును చూపించి అడగండి. సున్నా అన్న మాటకు అర్థం అక్కడ దొరుకుతుంది. ఈ ఆట ఆడగా ఆడగా, ఐదు అంటే మూడూ రెండూ, నాలుగూ ఒకటీ అన్న సంగతి వేళ్లు మడవకుండానే తోస్తుంది. ఐదు బాగా వచ్చాక ఆరు, ఆపైన పది వరకు వెళ్లండి. పదిని ఎన్ని రకాలుగా విడదీయవచ్చో తెలిసిన పిల్ల, రేపు ఎనిమిదికి ఏడు కలపమంటే, ఏడులోంచి రెండు తీసి ఎనిమిదికి ఇచ్చి పది చేసి, మిగిలిన ఐదు కలిపి పదిహేను అంటుంది. ఇది రానివాళ్లు ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు.

ఎక్కాలకు తొలి మెట్టు కూడా వస్తువులతోనే వేయవచ్చు. చెప్పుల జతలు వరుసగా పెట్టి రెండు, నాలుగు, ఆరు అని లెక్కించడం నాలుగున్నరేళ్లకు సరిపోయే పని. కోడలు దీనికి వద్దనరు.

ప్రశ్న: ఆరేళ్ల మా బాబు కూడికలకు వేళ్లు వాడతాడు. బడిలో వేళ్లు వాడవద్దని కట్టడి చేశారు. ఇప్పుడు చేతులు బల్ల కింద పెట్టుకుని లెక్కపెడుతున్నాడు. మాన్పించడం ఎలా?

జవాబు: మాన్పించకండి. చేతులు బల్ల పైకి తెప్పించండి. వేళ్లు ఎప్పుడూ దగ్గర ఉండేవి, ఐదేసి చొప్పున పదిగా అమరినవి. పది మీద నడిచే మన సంఖ్యలకు ఇంతకంటే తగిన సాధనం లేదు. చూడవలసింది వేళ్లు వాడుతున్నాడా లేదా అన్నది కాదు, ఎలా వాడుతున్నాడన్నది.

ఐదు, మూడు కలపమంటే మొదట్లో పిల్లలు ఒక చేతికి ఐదు వేళ్లు, రెండో చేతికి మూడు వేళ్లు తెరిచి, మళ్లీ ఒకటి నుంచి అన్నీ లెక్కపెడతారు. తర్వాతి మెట్టు, బడుల్లో చాలాకాలంగా చెబుతున్న 'మనసులో ఐదు, చేతిలో మూడు'. అంటే ఐదును లెక్కపెట్టకుండా ఉంచుకుని ఆరు, ఏడు, ఎనిమిది అని ముందుకు పోవడం. ఇక్కడ చాలామంది ఒకే పొరపాటు చేస్తారు: ఐదు నుంచే మొదలుపెట్టి ఐదు, ఆరు, ఏడు అని ఏడు దగ్గర ఆగిపోతారు. పాచికలు రెండు తీసుకుని, ఒకదాని ముఖాల మీద కాగితం అతికించి అంకెలు రాయండి. రెండోదానికి చుక్కలే ఉంచండి. అంకె ఉన్న పాచికలో లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు కనుక పిల్లవాడు దాని పేరు చెప్పి, చుక్కల మీద ముందుకు సాగక తప్పదు. ఆ తర్వాత మెట్టు, రెండుకు ఆరు కలపమన్నప్పుడు ఆరు నుంచి మొదలుపెట్టడం. దీన్ని చాలామంది పిల్లలు ఎవరూ చెప్పకుండానే కనిపెడతారు. చిన్న కూడికలు గుర్తుండిపోయేకొద్దీ వేళ్లు వాటంతట అవే తగ్గుతాయి. కట్టడి వల్ల తగ్గవు, దాక్కుంటాయి. మీ బాబు చేస్తున్నది అదే.

ప్రశ్న: ఐదేళ్ల మా పాప ముందు ఆరేసి నాణేలు రెండు వరుసలుగా పెట్టి, రెండూ సమానమేనా అని అడిగాను. సమానమే అంది. తన కళ్లముందే ఒక వరుసను ఎడంగా జరిపి అడిగితే, పొడుగు వరుసలో ఎక్కువ ఉన్నాయంది. లెక్కపెట్టడం వచ్చిన పిల్ల ఇలా ఎందుకు చెబుతుంది?

జవాబు: మీకు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే చేసిన ప్రసిద్ధ ప్రయోగాన్నే మీరు ఇంట్లో చేశారు. ఆరేడేళ్ల లోపు పిల్లల్లో చాలామంది ఇదే జవాబు చెబుతారని, వస్తువుల అమరిక మారినా సంఖ్య మారదన్న నమ్మకం వాళ్లకు ఇంకా కుదరకపోవడమే కారణమని ఆయన భావించారు. పొడుగు అనేది కంటికి ఎదురుగా కనిపిస్తుంది, సంఖ్య అలా కనిపించదు.

అయితే దీనికి ఒక కొసరు ఉంది. 1970 దశకంలో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఇదే ప్రయోగంలో నాణేలను పెద్దవాళ్లు కాకుండా ఒక అల్లరి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చేస్తే, సరైన జవాబు చెప్పిన పిల్లల సంఖ్య బాగా పెరిగింది. పెద్ద మనిషి పనిగట్టుకుని జరిపి, అడిగిన ప్రశ్ననే మళ్లీ అడిగితే, ఏదో మారి ఉంటుందని పిల్లలు అనుకోవడం సహజమే కదా! పాపకు పాఠం చెప్పకండి. రెండు వరుసల్లో నాణేలను ఒకదానికొకటి జతగా కలిపి చూడమనండి. మిగిలినవి లేవని తనే చెబుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఐదున్నరేళ్లు. పది నుంచి ఇరవై మధ్య ఎప్పుడూ తప్పులే. ఇరవై దాటాక బాగానే చెబుతుంది గానీ, ఇరవై తొమ్మిది తర్వాత 'ఇరవై పది' అంటుంది. ఇరవై ఐదు రాయమంటే 205 అని రాస్తుంది.

జవాబు: మూడు తప్పులు రాశారు, వాటిలో రెండు తెలివైన తప్పులు. పదకొండు నుంచి పందొమ్మిది వరకు పేర్లు ఒక పద్ధతికి లొంగవు. పన్నెండు, పద్దెనిమిది వంటి మాటల్లో పది, రెండు, ఎనిమిది కలిసి కరిగిపోయాయి. పిల్లల చెవికి విడివిడిగా వినిపించవు. ఆ తొమ్మిది పేర్లను విడిగా, నెమ్మదిగా వల్లె వేయించడమే దారి. ఇరవై తర్వాత పద్ధతి స్పష్టం. మీ అమ్మాయి ఆ పద్ధతిని పట్టుకుంది కనుకే ఇరవై తొమ్మిది తర్వాత ఇరవై పది అంటోంది. ఎవరూ నేర్పని మాట అది, తనే కట్టింది. అక్కడ తప్పుదిద్దే బదులు, ఇరవై తొమ్మిది పుల్లలు ఇవ్వండి: పదేసి కట్టలు రెండు, విడి పుల్లలు తొమ్మిది. ఇంకో పుల్ల చేర్చి ఏం చేద్దామని అడగండి. విడి పుల్లలు పది అయ్యాయి కనుక మూడో కట్ట కడుతుంది. ముప్పై అన్న పేరు అప్పుడు చెప్పండి.

205 కూడా విన్నది విన్నట్టు రాయడమే: ఇరవై, పక్కన ఐదు. మరియా మాంటిస్సోరి బడుల్లో దీనికి వాడే చీట్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. 20 అని ఒక వెడల్పు చీటీ, 5 అని అందులో సగం వెడల్పున్న మరో చీటీ కత్తిరించండి. ఐదు చీటీని ఇరవైలోని సున్నా మీద కప్పితే 25 కనిపిస్తుంది. ఎత్తితే కింద సున్నా ఉండనే ఉంది. నాలుగు రోజులు ఆ చీటీ ఎత్తి దించుతూ ఆడితే, ఇరవై ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది.

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగస్థులం. మూడేళ్ల బాబుకు ఫోన్‌లో లెక్కల వీడియోలు పెడుతున్నాం. ఇవి సరిపోతాయా? వేరే ఏదైనా కొనమంటారా?

జవాబు: వీడియో వల్ల పేర్ల వరుస వస్తుంది, అంతవరకే. ఎన్ని అన్నది తెలియాలంటే ఎదురుగా వస్తువులు, మాట్లాడే మనిషి కావాలి. సూసన్ లెవీన్ బృందం 44 కుటుంబాలను, పిల్లలు 14 నెలల నుంచి 30 నెలల వయసుకు వచ్చేవరకు విడతలు విడతలుగా ఇళ్లలోనే గమనించి, 2010లో ఫలితాలు ప్రకటించింది. మొత్తం ఏడున్నర గంటల రికార్డింగులో కొందరు తల్లిదండ్రులు సంఖ్యల పేర్లు నాలుగుసార్లే పలికితే, కొందరు 257 సార్లు పలికారు. ఎక్కువగా విన్న పిల్లలు 46 నెలల వయసుకు సంఖ్యల అర్థం మెరుగ్గా చెప్పగలిగారు. ఎదురుగా కనిపిస్తున్న వస్తువులను, అందులోనూ నాలుగు నుంచి పది దాకా ఉన్నవాటిని లెక్కపెడుతూ మాట్లాడటం ఎక్కువ ఉపయోగపడిందని తర్వాతి విశ్లేషణలో తేలింది. దీనికి విడిగా సమయం కేటాయించనక్కర్లేదు. చొక్కాకు గుండీలు పెడుతున్నప్పుడు, మెట్లు ఎక్కుతున్నప్పుడు, ఉతికిన బట్టలు మడతపెడుతున్నప్పుడు చేతిలో ఉన్నవాటినే లెక్కపెట్టండి.

కొనడం అంటారా, ఒక అట్టముక్క, రెండు గుండీలు చాలు. అట్ట మీద ఒకే వరుసలో పది గళ్లు గీసి 1 నుంచి 10 వరకు అంకెలు వేయండి. ఒక్కటి లేదా రెండు పడే చక్రం తిప్పి, ఎన్ని పడితే అన్ని గళ్లు గుండీని ముందుకు జరపడమే ఆట. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పేద కుటుంబాల పిల్లల చేత రెండు వారాల్లో నాలుగు విడతలు, విడతకు 15 నుంచి 20 నిమిషాలు ఇలాంటి ఆట ఆడిస్తే, సంఖ్యలను పోల్చడం, లెక్కపెట్టడం, అంకెలు గుర్తుపట్టడం మెరుగయ్యాయి; తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. అంకెలకు బదులు రంగులు వేసిన అట్టతో ఆడినవాళ్లలో ఆ మార్పు లేదు. ఒక్క నియమం తప్పకుండా పాటించండి: ఐదో గడిలో ఉండి రెండు పడితే, "ఒకటి, రెండు" అనకుండా "ఆరు, ఏడు" అంటూ జరపాలి. పాములు నిచ్చెనల ఆట ఈ వయసుకు తొందర. అందులో వరుసలు అటూ ఇటూ మెలికలు తిరుగుతాయి. పైగా పాము మింగగానే పిల్లవాడికి ఏడుపు తప్ప లెక్క గుర్తుండదు.

ప్రశ్న: నాలుగున్నరేళ్ల మా పాప 3, 7 అంకెలను అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తుంది. ఏం చేయాలి?

జవాబు: ఏమీ చేయవద్దు. ఆరేడేళ్ల వరకు ఇది సర్వసాధారణం. అంకెల రాత కంటే లెక్క ముందు రావాలి.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు నిండబోతున్నాయి. మూడు చుక్కలు చూపినా లెక్కపెడితే గానీ చెప్పలేడు. ఆరు, తొమ్మిదిలో ఏది పెద్దదంటే తెల్లమొహం వేస్తాడు. నిన్న వచ్చింది ఈరోజు ఉండదు. చదవడం, కబుర్లు చెప్పడం అన్నీ బాగానే ఉన్నాయి. ఇది బద్ధకమా, ఇంకేమైనానా?

జవాబు: బద్ధకం అన్న మాట పక్కన పెట్టండి. మూడు వస్తువులను లెక్కపెట్టకుండా ఒక్క చూపులో చెప్పగలగడం చాలామంది పిల్లలకు నాలుగేళ్లకే వస్తుంది. చదువు, మాట బాగుండి, సంఖ్యల దగ్గర మాత్రమే ఇంత ఇబ్బంది ఉంటే నిపుణులకు చూపించడం మంచిది. సంఖ్యలను గ్రహించడంలోనే ఉండే ఈ ఇబ్బందిని డిస్కాల్క్యులియా అంటారు. నూటికి 3 నుంచి 7 మందిలో ఇది ఉంటుందని అంచనా. దీనికీ తెలివితేటలకూ సంబంధం లేదు. చిన్న వయసులో పిల్లల మధ్య తేడాలు ఎలాగూ ఎక్కువ కాబట్టి, సాధారణంగా ఏడేళ్లకు ముందు దీన్ని గట్టిగా నిర్ధారించరు. మీరు ఆలస్యం చేశామని బాధపడనక్కర్లేదు.

వెళ్లే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. మధ్యలో బడి మారిందా, బోధనా భాష మారిందా అన్నది కూడా ఆలోచించండి. ఇంట్లో ఒక భాషలో, బడిలో మరో భాషలో సంఖ్యలు నేర్చుకునే పిల్లలు పేర్ల దగ్గరే తికమకపడి, లెక్క రానివాళ్లలా కనిపిస్తారు. రెండు వారాల పాటు మీరు గమనించినవి తేదీలతో ఒక కాగితం మీద రాయండి: ఏ ప్రశ్న అడిగారు, వాడు ఏం చెప్పాడు, వేళ్లు వాడాడా, ఎంతసేపు పట్టింది. "లెక్కలు రావు" అన్న ఒక్క మాట కంటే ఆ కాగితం టీచర్‌కూ పిల్లల మనస్తత్వ నిపుణులకూ ఎన్నో రెట్లు ఉపయోగపడుతుంది. ఈలోగా ఇంట్లో తరగతి పుస్తకం మూసేసి, చుక్కల చీట్లు ఒకటి, రెండు, మూడు మాత్రమే చేసి, రోజుకు ఐదు నిమిషాలు క్షణంపాటు చూపించి దాచే ఆట ఆడండి. మూడు తొణక్కుండా చెప్పేవరకు నాలుగో చీటీ తీయకండి.